నూట ముప్పై ఒక్క కిలోమీటర్లకు యాభై ఐదు నిమిషాలా?

విమానాశ్రయ ముఖ్య అధికారి గారి సముఖమునకు, బస్సు డిపోలో ముప్పై ఒక్క సంవత్సరాలు టైం కీపరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న వ్యక్తి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మన ఊరి విమానాశ్రయమునకు, పొరుగు ఊరి విమానాశ్రయమునకు మధ్య గల దూరమునకును, విమానము తీసుకొను సమయమునకును పొంతన కుదరకపోవుట, తత్ఫలితముగా ఒక కుటుంబము చిక్కులలో పడుట, ఇందుపై విచారణ కోరుట గురించి.

సూచిక: 1) తమ కార్యాలయపు గోడకు అంటించిన టైం టేబులు. 2) తమ ఎంక్వయిరీ కిటికీ వద్ద నేను మూడుసార్లు నోటిమాటగా అడిగిన ప్రశ్న, మూడుసార్లూ వచ్చిన నవ్వు.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఎవరి మీదా ఊరికే నింద వేసే మనిషిని కాను. నింద వేయడం వేరు, అనుమానించడం వేరు. అనుమానించడం నా వృత్తి. డిపో గేటు పక్కన అద్దాల గదిలో కూర్చుని, వచ్చే ప్రతి బస్సుకూ పోయే ప్రతి బస్సుకూ టైం వేసి సంతకం పెట్టడమే నేను చేసిన ఉద్యోగం. నా భార్య పోయాక, ఎనిమిది నెలలుగా మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. అల్లుడు తమ విమానంలో పనిచేస్తాడు. ఏం పని అని తమరు అడగవచ్చును. తలుపు దగ్గర నిలబడి నమస్కారం పెట్టడం, బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపించడం, నీళ్ళు అందించడం. మా భాషలో చెప్పాలంటే కండక్టరు. డ్రైవర్లతో నాకు ఎప్పుడూ పెద్ద గొడవ లేదు. నా అనుభవమంతా కండక్టర్లతోనే.

ఇక నా ఫిర్యాదులు వరుసగా చిత్తగించ ప్రార్థన.

1. దూరము గురించి. రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని మొదట పటం మీద దారం పెట్టి కొలిచాను. దారం సాగుతుందేమోనన్న అనుమానంతో దర్జీ టేపు తెచ్చి మళ్ళీ కొలిచాను. అదీ చాలక వీధి చివర టికెట్ల దుకాణం ఆవిడ చేత కంప్యూటరులో చూపించుకున్నాను. రోడ్డు మీద నూట అరవై ఎనిమిది కిలోమీటర్లు. ఆకాశంలో సూటిగా నూట ముప్పై ఒకటి. ఈ మార్గంలో తిరిగే పంకాల విమానం గంటకు ఐదు వందల కిలోమీటర్లు పోతుందని తమ కంపెనీ వారు అచ్చువేసిన పుస్తకంలోనే ఉన్నది. లెక్క కట్టగా పదిహేను నిమిషాల నలభై మూడు సెకన్లు వచ్చినది. పోనీ, పెద్దమనసు చేసుకుని పదహారు నిమిషాలు వేసుకుందాం. తమ గోడ మీద మాత్రం 3.05కు బయలుదేరి 4.00కు చేరును అని ఉన్నది. అంటే యాభై ఐదు. మిగిలిన ముప్పై తొమ్మిది నిమిషాలు ఆ విమానము ఎక్కడ ఉన్నట్టు?

2. మా శాఖలో ఆచారము. బస్సు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికి ఎంత పడుతుందో దాన్ని రన్నింగ్ టైం అంటాము. దానికి మించి ఒక్క నిమిషం వాడినా కారణం చూపించాలి. టైరు, గేటు, ఊరేగింపు, ఏదో ఒకటి. ఒక డ్రైవరు నాలుగు నెలల పాటు రోజూ పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ప్రతిసారీ గేటు పడిందని చెప్పాడు. ఆ దారిలో రైలు గేటే లేదు. నేను తలకు తువ్వాలు చుట్టుకుని వెనక సీటులో ఎక్కి చూస్తే, దారిలో ఒక తోట దగ్గర బస్సు ఆపి, పంపు కింద హాయిగా స్నానం చేస్తున్నాడు. ప్రయాణికులు కూడా అలవాటు పడిపోయి కిటికీలోంచి సబ్బు అందిస్తున్నారు. కాబట్టి నా దగ్గర ఎవరి పప్పులూ ఉడకవని తమరు గ్రహించవలెను. పన్నెండు నిమిషాల్లో ఒక మనిషి స్నానం చేయగలిగితే, ముప్పై తొమ్మిది నిమిషాల్లో డెబ్భై మందిని ఎక్కించుకున్న విమానం ఏమైనా చేయగలదు. మధ్యలో ఎక్కడైనా దిగుతున్నదా అన్నది నా మొదటి అనుమానం.

3. ఎంక్వయిరీ కిటికీ. అక్కడ కూర్చునే అమ్మాయిని సౌమ్యంగానే అడిగాను.

"అమ్మా, మధ్యలో ఎక్కడైనా ఆపుతారా?"

"ఆకాశంలోనా అంకుల్?"

"ఎక్కడైతేనేం. ముప్పై తొమ్మిది నిమిషాలు తేడా వస్తోంది."

"ఇక్కడ తలుపు వేసినప్పటి నుంచి అక్కడ తలుపు తీసేదాకా లెక్కండి అది. ఎగరడం ఒక్కటే కాదుగా."

"మరి ఎగరకుండా ఏం చేస్తున్నట్టు?"

ఆ అమ్మాయి పక్క కుర్చీ ఆవిడ వైపు చూసింది. పక్క కుర్చీ ఆవిడ నోటికి చేతి రుమాలు అడ్డం పెట్టుకుంది. ప్రశ్న అడిగితే పక్కవాళ్ళ మొహం చూసేవాళ్ళు ఏదో దాస్తున్నారని నాకు ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసు. నా చెవిలో పువ్వు పెట్టవద్దని చెప్పి వచ్చేశాను. మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. మూడోసారి అడిగాక నవ్వుతూనే కిటికీ అద్దం జరిపేశారు. ఇది పౌరునికి జరిగిన అవమానముగా నమోదు చేసుకోగలరు.

4. అసలు సంగతి. ఇంటి విషయాలు సర్కారు కాగితం మీద రాయకూడదని నాకు తెలుసు. కాని రాయకపోతే తమకు ఈ కేసు అర్థం కాదు. మా అల్లుడు పొద్దున్నే వెళ్ళి అటూ ఇటూ రెండు ట్రిప్పులు చేస్తాడు. చివరిది ఆ పొరుగు ఊరి నుంచి 3.05కు వచ్చే విమానం. నా లెక్కన 3.21కి దిగాలి. కాగితాలు ఒప్పజెప్పి బయటపడడానికి అరగంట. విమానాశ్రయం నుంచి ఇంటికి స్కూటరు మీద ఇరవై ఐదు నిమిషాలు. అంటే 4.16కి గుమ్మంలో ఉండాలి. రోజూ వచ్చేది 5.45కి. తేడా ఎనభై తొమ్మిది నిమిషాలు. నేను వచ్చిన రెండో వారం నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని నోట్‌బుక్కులో టైం వేస్తున్నాను. అడుగుతూనే ఉన్నాను.

"ఇవాళ ఎన్నింటికి దిగావు బాబూ?"

"నాలుగింటికండీ మామయ్యగారూ."

"మరి ఆరు కావస్తోందే?"

"ట్రాఫిక్కండీ."

"నిన్న కూడా ట్రాఫిక్కే అన్నావుగా?"

"నిన్న కూడా ఉందండీ."

ఇలా నీళ్ళు నములుతాడు. చెప్పులు విప్పి, తల దించుకుని, నిలబడే మంచినీళ్ళు తాగి గదిలోకి పోతాడు. నా దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు అబద్ధాలు చెప్పినవాళ్ళంతా ఇలాగే తల దించుకున్నారు.

ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. నేను వచ్చిన కొత్తల్లో అతను ఐదు గంటలకే ఇంటికి వచ్చేవాడు. రానురాను ఆలస్యం పెరిగింది. నిఘా పెట్టాక ఆలస్యం పెరగడం నేరం ముదిరిందనడానికి గుర్తని నేను భావించాను.

5. సాక్ష్యాధారములు. స్కూటరు మీటరు రోజూ చూస్తున్నాను. పొద్దున్న బయలుదేరే ముందు ఒకసారి, సాయంత్రం అతను స్నానానికి వెళ్ళాక ఒకసారి. పోను పదకొండు కిలోమీటర్లు, రాను పదకొండు. ఒక్కరోజు కూడా ఇరవై రెండు దాటలేదు. ఇక్కడే నా బుర్ర తిరిగిపోయినది. బండి ఎక్కడికీ పోలేదు, టైం మాత్రం పోయింది. అంటే ఏం జరిగినా విమానంలోనో, విమానాశ్రయంలోనో, లేక ఆ రెండో ఊళ్ళోనో జరుగుతున్నది. ఆ మూడూ తమ చేతి కింద ఉన్న చోట్లే కాబట్టి ఈ అర్జీ తమకు పెట్టుకుంటున్నాను. తమకు కూడా ఇందులో భాగం ఉన్నదేమో నాకు తెలియదు. లేదనే అనుకుంటున్నాను.

6. మా అమ్మాయి. పోయిన నెల నేను అమ్మాయిని కూర్చోబెట్టి నోట్‌బుక్కు చూపించాను. ఎనభై తొమ్మిది నిమిషాలమ్మా, రోజుకి, నీ మొగుడు ఎవరితోనో ఉంటున్నాడు, ఆ ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టినా పెట్టి ఉండవచ్చు అన్నాను. అమ్మాయి పేజీలన్నీ తిప్పి చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"నాన్నా, నువ్వు నా ఇంట్లో ఉంటున్నావా, డిపోలో ఉంటున్నావా?"

"నీ సంసారం బాగుండాలనే కదమ్మా నా ఏడుపంతా."

"బాగానే ఉండేది నాన్నా."

ఉండేది అన్న ఆ మాట విని నోట్‌బుక్కు మూసేశాను. అప్పటి నుంచి ఇంట్లో వాతావరణం బాగాలేదు. గది తలుపు వేసుకుని ఇద్దరూ గొంతు తగ్గించి పోట్లాడుకుంటారు. ఏమీ వినపడదు, ‘మీ నాన్న’ అన్న మాట మాత్రం గోడ దాటి వస్తుంది. అన్నం దగ్గర ముగ్గురమూ కంచాల్లోకి చూసుకుంటూ తింటాము. నిన్న, అంటే ఆదివారం, ఉతకడానికి వేసిన చొక్కా జేబులో ఒక కాగితం దొరికింది. నేను వెతకలేదు, తడిసిపోతుందేమోనని తీశాను. ఆ రెండో ఊరికి బదిలీ కోరుతూ మా అల్లుడు కంపెనీకి రాసుకున్న దరఖాస్తు. సంతకం పెట్టి ఉంది, తేదీ వేయలేదు. అడుగున ‘ఒక్కరికి సరిపడే గది చాలును’ అని రాసి ఉంది.

ఒక్కరికి! అమ్మాయి ఊసు ఎక్కడా లేదు. నాకు ఉన్నది ఒక్కగానొక్క కూతురు. దాని సంసారం నా కళ్ళ ముందే కూలిపోతుంటే నేను టైం వేసుకుంటూ కూర్చోలేను. కావున తమరు దయతో (అ) ఈ విమానము నిజంగా ఎన్ని నిమిషములు తీసుకొనునో రాతపూర్వకముగా తెలుపవలెను, (ఆ) మూడు నెలల దిగుడు రిజిస్టరు నకలు ఇప్పించవలెను, (ఇ) విచారణ పూర్తి అయ్యేవరకు సదరు ఉద్యోగి బదిలీ ఆపించవలెను అని ప్రార్థించుచున్నాను.

7. ఇంతవరకు సోమవారం రాసినది. ఇక్కడి నుంచి గురువారం రాస్తున్నాను. పైన రాసినదంతా చింపి కొత్త కాగితం తీసుకోవచ్చు గదా అని తమకు తోచవచ్చు. మా శాఖలో అలా ఒప్పుకోరు. టైం షీటు మీద ఒకసారి పడిన అంకె కొట్టివేయకూడదు, రుద్దకూడదు, చింపకూడదు. తప్పు పడితే దాని కిందనే సరైనది రాసి సంతకం పెట్టాలి. పైన తప్పు పడింది. కిందది రాస్తున్నాను.

అర్జీ పెట్టే ముందు నా కళ్ళతో చూడాలన్న బుద్ధి పుట్టింది. బుధవారం పొద్దున్న ‘పాత స్నేహితుణ్ణి చూడడానికి వెళుతున్నాను, చీకటి పడ్డాక వస్తాను’ అని చీటీ రాసి బల్ల మీద పెట్టి, బస్సు ఎక్కి ఆ రెండో ఊరు వెళ్ళాను. 3.05 విమానానికి టికెట్టు కొన్నాను. ముక్కు మీదికి ముసుగు, కళ్ళ మీదికి టోపీ. నా జన్మలో విమానం ఎక్కడం అదే మొదలు. చివరి వరుసలో కూర్చుని నోట్‌బుక్కు తీశాను. నా కొలతలు ఇవి. తలుపు వేసినది 3.02. కదిలినది 3.08. మైదానం చివరిదాకా నెమ్మదిగా పోయి ఆగినది 3.14. ఇంకో విమానం దిగేదాకా నిలబడినది. పైకి లేచినది 3.20. గాలి ఎదురుగా ఉండాలట, అందుకని మన ఊరు వచ్చాక కూడా నేరుగా దిగకుండా ఊరి చుట్టూ సగం తిరిగి రెండో వైపు నుంచి వచ్చినది. నేల తాకినది 3.47. అక్కడి నుంచి నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి ఆగినది 3.54. తలుపు తీసినది 3.58.

టైం టేబులు కంటే రెండు నిమిషాలు ముందే. మధ్యలో ఎక్కడా ఆగలేదు. దొంగ నిమిషం ఒక్కటి కూడా లేదు. ఎంక్వయిరీ కిటికీ అమ్మాయి చెప్పినది అక్షరాలా నిజం. ఆ అమ్మాయికి నా క్షమాపణలు తెలుపగలరు.

మా అల్లుణ్ణి విమానంలో చూశాను. అతను నన్ను గుర్తుపట్టలేదు. మా ముందు వరుసలో ఒక ముసలావిడ భయపడి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. మా అల్లుడు ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెప్తున్నాడు.

"అమ్మమ్మగారూ, నా మొహం చూడండి. నేనేమైనా భయపడుతున్నానా?"

"నీకేం నాయనా, రోజూ ఎక్కుతావు."

"రోజూ ఎక్కుతాను, రోజూ దిగుతాను. ఇవాళ మీకోసం ఇంకా మెత్తగా దింపమని చెప్పొచ్చాను."

ఆవిడ నవ్వింది, అతనూ నవ్వాడు. అతనికి పై పన్ను మీద ఇంకో పన్ను ఉందని నాకు ఆ రోజు తెలిసింది. ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో ఉండి నేను ఆ పన్ను చూడలేదు. తరువాత నా దగ్గరికి వచ్చి, "సార్, బెల్టు కొంచెం బిగించుకోండి" అన్నాడు. అది ఎటు లాగాలో నాకు తెలియకపోతే తనే వంగి బిగించి వెళ్ళాడు. ఆ గొంతులో భయం లేదు. ఇంట్లో నాతో మాట్లాడే గొంతు అది కాదు.

8. ముప్పై తొమ్మిది నిమిషాలు పోగా ఇంకా యాభై నిమిషాల లెక్క తేలాలి. నేను బయటికి వచ్చి బండ్ల స్టాండు రేకుల షెడ్డు వెనక నిలబడ్డాను. మా అల్లుడు 4.29కి వచ్చాడు. స్కూటరు దగ్గరికి వెళ్ళాడు. తాళం తీయలేదు. బండి మీద ఒక పక్కకు కూర్చున్నాడు. ఎవరో వస్తారని చూశాను. ఎవరూ రాలేదు. బండి అద్దం తన వైపు తిప్పుకుని, అందులోకి చూస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు. ఇంకో రెండడుగులు వేసి చెవి పెట్టాను.

"నాలుగింటికి దిగానండీ మామయ్యగారూ. కాగితాల దగ్గర లేటయిందండీ." తల అడ్డంగా ఊపుకున్నాడు. "కాగితాలు కాదు. నిన్న అదే చెప్పాను. టైరులో గాలి తగ్గిందండీ మామయ్యగారూ. ఊహూఁ, టైరు చూస్తాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను వెనక్కి తగ్గి స్టాండు మనిషిని మెల్లగా అడిగాను.

"ఆయన ఎవరికోసం చూస్తున్నాడు?"

"ఎవరికోసమూ కాదండీ. రోజూ అంతే. ఐదు ఇరవై దాకా కూర్చుని పోతాడు."

"ఎందుకట?"

"ఇంట్లో మామగారున్నారటండీ. గుమ్మంలో కుర్చీ వేసుకుని చెకింగట. ఇంటికెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదన్నా అంటాడు పాపం. పెద్దాయనకి పెళ్ళాం పోయింది, ఏమీ అనలేనన్నా అని కూడా అంటాడు. మంచి కుర్రాడండీ."

అంతలో మా అల్లుడి ఫోను మోగింది. అప్పుడు 4.52. మా అమ్మాయి దుకాణం నుంచి ఇల్లు చేరే టైం అది.

"ఆఁ... ఇంట్లో లేరా? ఎక్కడికెళ్ళారట?... చీటీ పెట్టారా?... చీకటి పడ్డాకా? నిజంగానా?... కుర్చీ కూడా లోపలే ఉందా?"

అయ్యా, ఆ తర్వాత ఆ మనిషి బండి ఎక్కిన తీరు నేను ఈ కాగితం మీద ఎలా పెట్టను? అద్దం సరిచేయడం కూడా మరిచిపోయాడు. సెలవు గంట కొట్టాక బడి పిల్లవాడు పరిగెత్తినట్టు వెళ్ళిపోయాడు. నేను ఇంట్లో లేనని తెలిసి! యాభై నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలిసిపోయింది. నేను అడుగుతానని అతను ఆలస్యంగా వస్తున్నాడు. అతను ఆలస్యంగా వస్తున్నాడని నేను అడుగుతున్నాను. ఒక్కరికి సరిపడే గది ఎందుకో కూడా అర్థమైంది. అందులో ఇంకో ఆడమనిషి లేదు. నేను లేని గది కావాలి అతనికి, అంతే.

చీకటి పడ్డాక ఇంటికి చేరాను. లోపల ఇద్దరూ గట్టిగా నవ్వుకుంటున్నారు. మా అమ్మాయి నవ్వు విని చాలా కాలమైంది. గేటు తీస్తే చప్పుడవుతుంది, ఆ నవ్వు ఆగిపోతుంది. తీయడానికి భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. ఎంతసేపు నిలబడ్డానో టైం వేసుకోలేదు. వసారా దీపం వెలుగులో నా ఖాళీ కుర్చీ కనపడుతూనే ఉంది.

9. కావున పైన ఆరో అంశములోని (అ), (ఆ) కోరికలు ఉపసంహరించుకొనడమైనది. వాటికి బదులు తమరు నాకు ఒక్క ఉత్తరం రాసి ఇప్పించవలెను. గుండ్రటి ముద్ర తప్పనిసరి. అందులో, సదరు విమానము నూట ముప్పై ఒక్క కిలోమీటర్లకు యాభై ఐదు నిమిషాలు తీసుకొనుట సక్రమమేనని, పైగా దిగిన తరువాత సిబ్బందికి ఇంకో గంటన్నర దాకా అత్యవసర విధులు ఉండునని రాయవలెను. రెండోది అబద్ధమని నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళలో తప్పుడు షీటు మీద నేను సంతకం పెట్టలేదు, పెట్టమని ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఎందుకంటే, తప్పు నాది అని చెప్పడం నాకు రాదు. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. నిన్న రాత్రి అన్నం దగ్గర నోరు తెరిచాను. ‘బాబూ’ అన్నాను. అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. ‘ఉప్పు ఇలా ఇవ్వు’ అన్నాను. తమ ఉత్తరం చేతిలో ఉంటే హాల్లో నిలబడి గట్టిగా చదివేస్తాను. ‘చూశావా, ఆఫీసరుగారే రాశారు, ఇందులో నీ తప్పేం లేదు’ అని చెప్పి కుర్చీ పెరట్లో వేసుకుంటాను. నా పరువు నాకు దక్కుతుంది, అతనికి ఊపిరి ఆడుతుంది. (ఇ) కోరిక మాత్రం అలాగే ఉంచుతున్నాను. బదిలీ కాగితం తమ బల్ల మీదికి వస్తే దయచేసి కొన్నాళ్ళు సొరుగులో పడేయండి. కాగితాలు సొరుగులో ఉంచడం ఆఫీసర్లకు కొత్త పని కాదని అనుభవం మీద చెబుతున్నాను.

ఒక వృద్ధుని అనుమానమును, అందులోని తప్పును, రెంటినీ ఒకే దస్త్రంలో ఉంచి, తమ పిల్లల ఇంటి సంగతి అనుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విశ్రాంత టైం కీపరు,
ప్రస్తుతం కూతురి ఇంట ఉంటున్నవాడు

తా.క. శనివారం. కవరుకు జిగురు రాస్తుంటే అమ్మాయి చూసి కాగితాలు లాక్కుంది. వంటింట్లో నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా కదల్లేదు. చదివాక కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఇదంతా ఆయనకి నోటితో చెప్పచ్చుగా నాన్నా?"

"నోటితో రావట్లేదమ్మా. రాస్తేనే వస్తోంది."

"మరి ఆఫీసరు జవాబు ఎప్పుడొస్తుంది?"

"నియమం ప్రకారం ముప్పై రోజులు."

"ఆయన సోమవారం ఆ దరఖాస్తు ఇచ్చేస్తున్నారు నాన్నా. నేను ఎంత చెప్పినా వినట్లేదు."

కాబట్టి అయ్యా, ఈ అర్జీ తమ దాకా రాదు. నేను ఇప్పుడు బండ్ల స్టాండులో సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. స్టాండు మనిషి నన్ను గుర్తుపట్టి కుర్చీ ఇస్తానన్నాడు, వద్దన్నాను. తమ విమానం ఇందాకే దిగింది. ఎన్నింటికి దిగిందో చూడలేదు. అదిగో, సిబ్బంది గేటులోంచి వస్తున్నారు. మా అల్లుడు నన్ను చూశాడు. ఆగిపోయాడు.

బాబూ, ఇది ఆఫీసరుగారికి రాసిన అర్జీ. నీ చేతికే ఇస్తున్నాను. ‘అయ్యా’ అని ఉన్న ప్రతిచోటా నిన్నే అంటున్నాననుకుని చదువు. తప్పు నాది. చదివాక నీ బండి వెనక ఎక్కమంటే ఎక్కుతాను. వద్దనుకుంటే నాకు బస్సు ఉంది, మెల్లగా వస్తాను. నువ్వు మాత్రం ఇక్కడ కూర్చోకు నాయనా, ఇంటికి వెళ్ళు. అమ్మాయి చూస్తూ ఉంటుంది.